ప్రాణహిత నీళ్ల లెక్కల మా మోటర్లు కూడా రావాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

వైన్‌గంగ-నల్‌గంగ అనుసంధానం గురించి వార్తలు చదువుతనే ఉన్నం. వైన్‌గంగ మీద ఉన్న గోసీఖుర్ద్ డ్యామ్ దగ్గర నీళ్లు మలిపి 425 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి బుల్ఢాణా జిల్లా దాకా తీస్కపోతరట, 2024 ఆగస్టుల మహారాష్ట్ర సర్కారు మంజూరు కూడా ఇచ్చింది. పడమటి విదర్భ రైతులు నీళ్లు లేక ఎంత గోసపడ్డరో మాకు తెలుసు, వాళ్లకు నీళ్లు పోవద్దని నేను అంటలేను. ఈ వైన్‌గంగ, వర్ధా కలిసి ప్రాణహిత అయి మా సిరొంచ తాలూకా దిక్కు వస్తది. నేను అడిగేది ఒక్కటే, కింద ఉన్న మా తాలూకాకు ఏమైతదో లెక్క కట్టేటప్పుడు ఈ నది పొడుగునా మనుషులు వాడుకుంటున్న నీళ్లు ఆ లెక్కల ఉన్నయా లేవా?

ఈ లెక్కనే మోడల్ అంటరు. వాన ఎంత పడ్డది, మట్టి ఎంత గుంజుకున్నది, అడవి, పంట కలిసి ఎంత ఆవిరి చేసినయి, భూమి లోపలికి ఎంత దిగింది, చివరికి నదిల ఎంత పారింది అని కంప్యూటర్ల రోజువారీగా లెక్కేస్తరు. స్వాట్, విక్ అని ఇసొంటి మోడళ్లు చాన ఉన్నయి. వచ్చిన జవాబును గేజ్ స్టేషన్ల కొలిచిన ప్రవాహంతోని పోల్చి చూస్తరు, మా ప్రాణహిత మీద కేంద్ర జల సంఘం గేజ్ టేక్రా దగ్గర ఉన్నది. ఇక్కడనే అసలు చిక్కు. టేక్రాల నీళ్లు తక్కువ కనబడ్డయి అనుకోండి, మోటర్లు తోడిన సంగతి మోడల్‌కు చెప్పకపోతే అది మట్టి తాగిందనో అడవి ఆవిరి చేసిందనో సర్దుకుంటది, లెక్క కలుస్తది గానీ కారణం తప్పైతది. రేపు పైన ఇంకో కాలువ తవ్వితే కింద ఏమైతదని అదే మోడల్‌ను అడిగితే అది చెప్పే జవాబును ఎట్ల నమ్ముతం?

ఎండకాలం ఒకసారి ఎవరన్న ఆఫీసర్ మా ఒడ్డుకు వచ్చి చూడాలె. ఏప్రిల్ వచ్చేసరికి పాయ ఒడ్డును వదిలి మధ్యకు జరుగుతది, మిర్చి రైతులు ఇసుకల సన్న కాలువ తీసి నీళ్లను మోటర్ దాకా తెచ్చుకుంటరు, రెండు రోజులకు ఆ కాలువ పూడిపోతది, మళ్ల పార పట్టుకొని దిగుడే, పైపు కింది మూతికి ఉండే ఫుట్‌వాల్ గాలి గుంజితే పైపుకు ఇంకో తునక అతికించుడే. ఈ మోటర్లకు మీటర్ లేదు, ఎన్ని గంటలు నడిచిందో రాసేటోడు లేడు. ఎండకాలం నదిల పారేది ఎక్కువగా భూమి లోపలి నుంచి ఊరే నీళ్లు, బోర్లు ఎక్కువై భూగర్భం దిగితే ఆ ఊట కూడా తగ్గుతది. అంటే నదిల తోడినా బోరుల తోడినా చివరికి తగ్గేది ఈ పాయనే, మోడల్ల రెండూ కలిపి ఉండాలె.

ప్రాణహిత పరీవాహకం లక్షా తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల దాక ఉంటది, గోదావరి మొత్తంల మూడో వంతు కంటే ఎక్కువే. వైన్‌గంగ మధ్యప్రదేశ్‌ల సివనీ జిల్లా నుంచి వస్తది, వర్ధా ముల్తాయి దిక్కు నుంచి. పైన డ్యాములే కాదు, చంద్రపూర్ థర్మల్‌కు ఇరాయి డ్యామ్ నీళ్లు పోతయి, అందుల కొంత ఆవిరై వాపస్ రానే రాదు. బొగ్గు గనులల్ల ఇంకో తీరు, లోపలి నీళ్లు పంపుతోని తోడి వాగులకు వదులుతరు, అట్ల వాగుల నీళ్లు పెరిగినట్టు కనబడుతది గానీ అది వాన నీళ్లు కాదు. వరి మడి నుంచి కొన్ని నీళ్లు మళ్ల వాగుల కలుస్తయి, డ్రిప్ పెట్టిన మిర్చి తోట నుంచి దాదాపు ఏమీ రావు. ఇవన్నీ వేరువేరుగ రాయకుండా ఒక్క సగటు అంకె పెట్టి ఇది మిగులు జలం అంటే మేము ఒప్పుకోం.

వాన మీద కూడ దీని ప్రభావం ఉంటదట. నదులను కలిపి కొత్త జాగలల్ల సాగునీళ్లు పారిస్తే ఆవిరి తీరు మారి సెప్టెంబర్ వానలు నీళ్లు లేని ప్రాంతాలల్లనే 12 శాతం దాకా తగ్గొచ్చని 2023ల ఐఐటీ బాంబే వాళ్లు ఉన్న బృందం మోడల్ వేసి చెప్పింది. అది దేశం మొత్తం లెక్క, మా తాలూకాది కాదు, కానీ సెప్టెంబర్ వాన మీద పత్తి, వరి ఎంత ఆధారపడుతయో మా దిక్కు ఎవరినడిగినా చెప్తరు.

మేడిగడ్డ సంగతి కూడ ఇందుల చేర్చాలె, అది ప్రాణహిత కలిసినంక గోదావరి మీద తెలంగాణ కట్టిన బ్యారేజ్. 2019ల బ్యారేజ్ మొదలైంది, 2023 అక్టోబర్ల పిల్లర్లు కుంగినయి, నీళ్లు ఖాళీ చేసిన్రు. నీళ్లు ఆపిన ఏండ్లు, వదిలేసిన ఏండ్లు ఒకే తీరుగ పరిగణిస్తే 2022 జూలై వరదల పొలాలు ఎందుకు మునిగినయో, అందుల వాన పాలు ఎంత, బ్యారేజ్ ఆపితే వెనక్కి ఎక్కే నీళ్ల (బ్యాక్‌వాటర్) పాలు ఎంత అన్నది ఎన్నటికీ తేలదు.

అందుకే కాలువకు టెండర్లు పిలిచే ముందు మోడల్ల ఏమేం పెట్టిన్రో బయట పెట్టండి. వ్యవసాయ ఫీడర్ల కరెంట్ రీడింగ్ ఉంటది గదా, దాంతోని మోటర్ల వాడకం అందాజ కట్టొచ్చు, డీజిల్ ఇంజన్లను గ్రామపంచాయతీ లెక్కపెట్టి ఇస్తది. ఆ లెక్క మీద సిరొంచల ఒక బహిరంగ విచారణ పెట్టాలె, మరాఠీల ఒక్కదాంట్లనే కాదు తెలుగుల కూడ, ఎందుకంటే ఈ ఒడ్డు మీద నీళ్లు తోడుకునేటోళ్లల్ల చానమంది మాట్లాడేది తెలుగే. ఈ సంగతి మీ పేపర్ల వేస్తరని ఆశతోని రాస్తున్న.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా