నమూనా తర్వాతే అసలు ఖర్చు

సంపాదకులకు,

కొత్త గృహోపకరణాల ప్రస్తావన రాగానే బ్రిటిష్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేశాడని అందరూ గుర్తుచేస్తారు. గాలిని సుడి తిప్పి దుమ్మును విడదీసే, సంచి అక్కర్లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 1979–84 మధ్య పడ్డ శ్రమ అది. ఆ తర్వాతి తొమ్మిదేళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. ముందు జపాన్‌లో లైసెన్సు మీద అమ్ముడైంది, సొంత పేరుతో బ్రిటన్‌లో డీసీ01 అనే మోడల్ వచ్చేసరికి 1993. సంచులు అమ్ముకుని బతికే కంపెనీలకు సంచిలేని యంత్రం ఎందుకు నచ్చుతుంది?

ఆవిష్కర్తలకు అందే సాయం చాలాసార్లు నమూనా దగ్గరే ఆగుతోంది. డబ్బు కరిగేది ఆ తర్వాత. త్రీడీ ప్రింటర్‌లో చక్కగా కుదిరిన మూత ఇంజెక్షన్ మౌల్డ్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపే ఉక్కు అచ్చులో, అలాగే రాదు. చల్లారేటప్పుడు ఏబీఎస్ అనే ప్లాస్టిక్ సుమారు 0.4–0.7 శాతం కుంచించుకుంటే, పాలీప్రొపిలీన్ అనే మరో రకం 1 నుంచి 2.5 శాతం దాకా పోతుంది. అంటే మౌల్డ్ చేయించాక ప్లాస్టిక్ మారిస్తే మూత పట్టదు. మందం ఒకచోట 2, పక్కనే 4 మిల్లీమీటర్లుంటే మందపాటి చోట గుంట పడుతుంది. నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు లేకపోతే భాగం మౌల్డ్‌ను వదలదు, బలవంతంగా తోస్తే గీతలు. మౌల్డ్ ఉక్కును ఇంకాస్త చెక్కడం తేలికే, చెక్కేసిన చోట మళ్లీ నింపడమే కష్టం. కాబట్టి కొలత తేలని చోట ఉక్కు మిగల్చాలి, రెండు మూడు దిద్దుబాట్లకు డబ్బు ముందే పక్కన పెట్టాలి.

ఆపైన గృహోపకరణాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335 ప్రకారం భద్రతా పరీక్షలు. లీకేజీ కరెంటు (దారి తప్పి బయటికి పారే విద్యుత్తు) చూస్తారు, మోటారు బిగుసుకుపోతే అందులోని తీగచుట్టలు ఎంత వేడెక్కుతాయో చూస్తారు. అన్నీ దాటాక చౌక మోటారు దొరికిందని మారిస్తే మళ్లీ పరీక్ష, మళ్లీ ఫీజు.

ఈలోగా పేటెంటు కాలం కరిగిపోతుంటుంది. 20 ఏళ్లు లెక్కించేది దరఖాస్తు తేదీ నుంచి, అమ్మకం మొదలైన రోజు నుంచి కాదు. పలు దేశాలకు కలిపి ఒకే అంతర్జాతీయ దరఖాస్తు వేసే పీసీటీ దారిలో వెళ్లినా సాధారణంగా 30 నెలలకు ఒక్కో దేశంలో ఫీజులు, అనువాదాలు మీద పడతాయి. మౌల్డ్‌కు డబ్బు కట్టాల్సిందీ ఇంచుమించు అప్పుడే. మంచి యంత్రాలు ఆగిపోతున్నది ఇక్కడే.

నమూనాలకిచ్చే గ్రాంటులో సగమైనా మౌల్డ్ దిద్దుబాట్లకు, రెండో విడత పరీక్షలకు కేటాయించాలి. ఒంటరి ఆవిష్కర్తలకు పేటెంటు పునరుద్ధరణ ఫీజును తొలి అమ్మకం దాకా వాయిదా వేయాలి. ఇక ప్రదర్శనలు పెట్టేవారు, పేటెంటు దరఖాస్తు వేశారా అని అడిగాకే స్టాల్ ఇవ్వాలి. ముందే బయటపెడితే చాలా దేశాల్లో పేటెంటు హక్కే దక్కదు.

— గృహోపకరణాల డిజైన్ ఇంజినీరు