తిమింగలాలను ఏసీబీ కేసుల నుంచి తప్పించండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరు మా ఇంటికి ఇరవై రెండేళ్లుగా వస్తోంది. పొద్దున్నే కత్తెర పక్కన పెట్టుకుని చదవడం నాకు అలవాటు. రిటైరైనవాడికి ఇంకేం పని అంటుంది మా ఆవిడ, అననివ్వండి. ఈ మధ్య కత్తిరించినవన్నీ ముందేసుకుని చూస్తే తిమింగలం అనే మాట ఆరుచోట్ల కనబడింది. అయిదుచోట్ల 'ఏసీబీ వలలో అవినీతి తిమింగలం'. ఆరోది, తిమింగలం వాంతి అమ్మబోతూ దొరికినవాళ్ల వార్త. అందులో తిమింగలం గురించి ఒక్క ముక్క లేదు గానీ కోట్లలో ధర మాత్రం హెడ్డింగులోనే ఉంది. సముద్రంలో బతికే తిమింగలం ఒక్కసారి కూడా రాలేదు.

లంచగొండికి ఈ పేరు ఎలా వచ్చిందో తెలుసు. తిమి అంటే పెద్ద చేప, దాన్ని కూడా మింగేది తిమింగిలం. మాట పుట్టుకలోనే మింగడం ఉంది. కానీ అన్ని జంతువుల్లోకీ పెద్దదైన నీలి తిమింగలం తినేది చిటికెన వేలంత ఉండే క్రిల్‌ని, మన రొయ్యల్లాంటివే. దాని గొంతులో మనిషి పట్టడు. ఎనభై తొంభై అడుగుల ఒళ్లు పెట్టుకుని అంత చిన్నదాంతో కడుపు నింపుకునేదాని పేరు తీసుకెళ్లి, పొలం కాగితాల మీద సంతకానికి లక్షలడిగేవాడికి తగిలించడం నాకు నచ్చలేదు. వాంతి సంగతీ అంతే. స్పెర్మ్ తిమింగలం తిన్న స్క్విడ్‌ల (మెత్తటి ఒంటి సముద్ర జీవాలు) గట్టి ముక్కులు అరగక, పేగుల్లో వాటి చుట్టూ తయారయ్యేదే మీరు వాంతి అని రాసే ఆ అంబర్‌గ్రిస్. మన దేశంలో దాన్ని అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఈ రెండు వాక్యాలకు చోటు లేకపోయిందా?

ఇంత పట్టింపు ఎందుకంటే, నేను మర్చంట్ నేవీలో ఇరవై ఆరేళ్లు ఇంజిన్ రూములో పనిచేశాను. కంపెనీ పేరు, ఓడ పేరు వద్దు. 1980ల చివర్లో నేను థర్డ్ ఇంజనీరుగా ఉన్న ఓడ ఉన్నట్టుండి స్పీడు తగ్గింది. అర నాట్ కంటే కాస్త ఎక్కువ (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). ఆర్‌పీఎం సరిగ్గానే ఉంది, ఫ్యూయెల్ మాత్రం ఎక్కువ తాగుతోంది. చీఫ్ ఇంజనీరు నన్ను దులిపేశాడు. ఇంజెక్టర్లు మార్చాం, ఫిల్టర్లు కడిగాం, రెండు రోజులు నిద్ర లేదు. చివరికి రేవు దగ్గరపడ్డాక, ఓడకి రేవులోకి దారి చూపించే పైలట్ బోటువాళ్లు చెబితే తెలిసింది. ఓడ ముందుభాగంలో, నీటి కింద ఉబ్బెత్తుగా ఉండే బల్బు మీద అడ్డంగా ఒక తిమింగలం వేలాడుతోందట. ఎప్పుడు చచ్చిపోయిందో, ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలీదు. గుద్దుకున్న కుదుపు కూడా మాకెవరికీ తెలియలేదు. బ్రిడ్జి (ఓడ నడిపే గది) నుంచి ఇంజిన్ వెనక్కి తిప్పమన్నారు. కంట్రోల్ దగ్గర ఉన్నది నేనే. ఓడ వెనక్కి నడిచింది, అది జారిపోయింది. తర్వాతి ప్రయాణంలో స్పీడూ ఫ్యూయెలూ లెక్క సరిపోయాయి.

గుద్దుకోవడం ఎప్పుడో ఒకసారి. రొద మాత్రం రాత్రీ పగలూ. ప్రొపెల్లర్ తిరుగుతుంటే రెక్కల దగ్గర బుడగలు పుట్టి పగులుతుంటాయి, మేం కావిటేషన్ అంటాం. మాకది రెక్కల్ని తినేసే రోగం, అంతే. ఓడ నీళ్లలో చేసే రొదలో పెద్ద వాటా ఆ బుడగలదేననీ, ఫిన్ తిమింగలాలు, నీలి తిమింగలాలు ఒకదాన్నొకటి పిలుచుకునేది కూడా అదే మంద్రంలోననీ రిటైరయ్యాక చదివితే గానీ తెలియలేదు. ఫిన్ తిమింగలం పిలుపు 20 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన చెవికి అంచు అది. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. మంద్రంగా ఉండే శబ్దం నీళ్లలో త్వరగా అరిగిపోదు, అందుకే ఆ పిలుపు వందల కిలోమీటర్లు వెళ్లగలదు, మధ్యలో మాలాంటివాళ్లు లేకపోతే.

స్పెర్మ్ తిమింగలాలది మరో తీరు, క్లిక్కుల భాష. కరీబియన్‌లో డొమినికా దగ్గరి కుటుంబాలు 'టక్, టక్, టక్‌టక్‌టక్' అని ఒక వరసలో కొడతాయి. వేరే తెగల వరసలు వేరు. మాది శ్రీకాకుళం జిల్లా. ముప్ఫై ఏళ్లుగా సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఉంటున్నా నేను నోరు తెరవగానే కూరగాయల బండాయన "సార్, మీది ఆంధ్రానా?" అంటాడు. అలాంటిదే. ఇక హంప్‌బ్యాక్ తల్లీపిల్లలైతే గుసగుసలాడుకుంటాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో వాటి ఒంటికి రికార్డర్లు అంటించి మరీ విన్నారు. పిల్లల్ని వేటాడే కిల్లర్ తిమింగలాల చెవిన పడకూడదని ఆ జాగ్రత్త కావచ్చంటారు. అలాంటి గుసగుస పక్కనుంచి మా ఓడ వెళితే ఏమవుతుంది?

నాకు తెలుసు ఏమవుతుందో. ఇంజిన్ రూము నా చెవులు తీసుకుంది, ఇప్పుడు రెంటికీ మిషన్లే. మొన్న శ్రావణంలో మా వీధి చివరి ఫంక్షన్ హాల్‌కి బారాత్ వచ్చింది, డీజేతో. మా ఆవిడ పక్కనే నిలబడి రెండుసార్లు ఏదో చెప్పింది, తలూపాను. స్టవ్ మీద పాలు పెట్టాను చూడమందట.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్నాళ్లు ఓడల రాకపోకలు బాగా పడిపోయాయి. కెనడాలో బే ఆఫ్ ఫండీలో రైట్ తిమింగలాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు అప్పుడు అక్కడే ఉన్నారు. నీళ్లలో రొద 6 డెసిబెల్స్ తగ్గింది. ఆరే కదా అనకండి, ఆ లెక్కలో శక్తి నాలుగో వంతుకి పడినట్టు. నీళ్ల మీద తేలే తిమింగలాల పేడ పోగుచేసి పరీక్షిస్తే ఒత్తిడి హార్మోన్లు తగ్గాయని తేలింది. (ఈ పేడ వాసన పట్టడానికి శిక్షణ ఇచ్చిన కుక్కల్ని కూడా పడవల్లో తిప్పేవారట, ఆ ఉద్యోగం నాకు భలే నచ్చింది.) తర్వాతి ఏళ్లలో అదే కాలంలో చూస్తే అలా తగ్గలేదు. 2012లో అచ్చయిన ఈ సంగతి చదివిన రోజు చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. అవి ఎప్పుడూ టెన్షన్‌లోనే ఉన్నాయి, అదే వాటి మామూలు అనుకున్నాం. ఆ జాతి ఉత్తర అట్లాంటిక్‌లో ఇప్పుడు 400 లోపే మిగిలింది. ఓడలు తగిలి కొన్ని, చేపల వేట తాళ్లు చుట్టుకుని కొన్ని పోతున్నాయి.

ఓడల్ని ఆపమని నేననను. మా ఇల్లు కట్టింది ఆ జీతంతోనే. స్పీడు తగ్గిస్తే చాలావరకు గుద్దుకోవడమూ తగ్గుతుంది, రొదా తగ్గుతుంది. అమెరికా తూర్పు తీరంలో 2008 నుంచి కొన్ని చోట్ల, కొన్ని నెలల్లో, 65 అడుగులూ అంతకు మించిన ఓడలు 10 నాట్లు దాటకూడదు. మనకు దగ్గర్లో శ్రీలంక దక్షిణ కొన దొండ్రా ఉంది. నీలి తిమింగలాలు మేసే చోటే ఓడల దారి. పడమటి నుంచి విశాఖకు వచ్చే పెద్ద ఓడలన్నీ శ్రీలంకను చుట్టి రావాల్సిందే, నేనెన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. 2022లో ఒక పెద్ద కంటెయినర్ కంపెనీ తన ఓడల్ని అక్కడ సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. ఇది మీ పేపర్లో చూసిన గుర్తు లేదు.

ఏసీబీకి దొరికినవాణ్ని వాడి హోదాతోనే రాయండి, తహసీల్దార్ అయితే తహసీల్దార్ అని. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం లేని మన ఊళ్లో కూర్చుని దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే సంస్థ. మీ విలేకరిని ఒకసారి అక్కడికి పంపి సముద్రంలో ఓడల రొద గురించి అడిగించండి. అచ్చు వేసే రోజు ముందుగా చెప్పనక్కర్లేదు, కత్తెర ఎలాగూ పక్కనే ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత మెరైన్ ఇంజనీరు,
సైనిక్‌పురి, సికింద్రాబాద్