పిప్పి పళ్ల చేతిపుస్తకానికి సాయపడ్డ వారందరికీ కృతజ్ఞతలు

పిప్పి పళ్ల మీద మేము రాసిన చేతిపుస్తకం అచ్చుకు వెళ్లింది. చిత్తుప్రతి చదివి అంచుల్లో రాసిచ్చినవాళ్లు, ఫొటోలు తీసిచ్చినవాళ్లు చాలామంది. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి, ఎవరి వల్ల పుస్తకంలోకి ఏం వచ్చిందో చెప్పి దండం పెట్టుకుంటున్నాం.

మొదటి దండం జీవరసాయనం చెప్పే మాస్టారికి. పంట్లో పురుగు ఉండదు, నోట్లోని బ్యాక్టీరియా తీపిని ఆమ్లంగా మారిస్తే ఆ ఆమ్లమే పంటిని తినేస్తుందని 1890 నాటికే విలోబీ మిల్లర్ అనే దంతవైద్యుడు చూపించాడు. మాస్టారు దానికి గడియారాన్ని జోడించారు. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లో పాచి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే దిగుతుంది, పంటి గట్టి పైపొర ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ పైకి లాగడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒకేసారి తినేసిన మిఠాయి కంటే, పొద్దంతా గుక్కగుక్కగా తాగే తీపి పానీయమే ఎక్కువ చెరుపు చేస్తుంది. చిగురు కిందికి జారి వేరు బయటపడినచోట ఇంకా తొందర: అక్కడ ఎనామెల్ ఉండదు, పీహెచ్ 6 పైన ఉన్నా కరుగుతుంది. నోరు ఎండిపోయేలా చేసే మందులు వాడే పెద్దవాళ్లకు పళ్లు ఒక్కసారిగా చెడిపోవడానికి చాలావరకు కారణం ఇదే, పీహెచ్‌ను పైకి లాగే లాలాజలం చాలదు.

పుచ్చు మొదలయ్యేటప్పుడు పడే తెల్లమచ్చల ఫొటోలు తీసిచ్చినవారి రుణం తీరేది కాదు. ఒకే పన్ను, తడిగా ఒకసారి, అయిదు సెకన్లు గాలి పట్టి ఆరబెట్టాక ఒకసారి. తడిగా ఉన్నప్పుడు ఏమీ లేదు. ఆరగానే చిగురు అంచు వెంట సుద్దలాంటి తెల్లటి గీత. కరిగినచోట పడ్డ సన్నటి రంధ్రాల్లో నీళ్లుంటే వెలుతురు దాదాపు ఎనామెల్‌లో సాగినట్టే సాగిపోతుంది, గాలి ఉంటే చెదిరిపోతుంది. ఆరబెడితేనే కనిపించే మచ్చ పైపైది, తడిలోనూ కనిపించేది లోతైనది. గుంట పడనంతవరకు ఈ మచ్చను డ్రిల్ చేయక్కర్లేదు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ మూడు నుంచి ఆరు నెలలకోసారి పూసి, పాచి పేరుకోకుండా చూస్తే మచ్చ గట్టిపడి ఆగిపోతుంది. దాన్ని సూదిమొన పరికరంతో పొడిచి చూసే అలవాటు ఇకనైనా మానాలి. ఇంకా నిలిచి ఉన్న పైపొర ఆ పోటుకే విరుగుతుంది.

పిల్లల దంతవైద్యురాలు గారు కొలతలన్నీ సరిచూశారు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ట్యూబు మీద ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం ఉండాలి, పెద్దవాళ్లకు 1350 నుంచి 1500. తోమాక ఉమ్మేస్తే చాలు. నీళ్లతో పుక్కిలిస్తే పళ్లకు అంటిన ఫ్లోరైడ్ కూడా పోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో పై ముందుపళ్లు ముందు పుచ్చుతాయి, కింది ముందుపళ్లను నాలుక కప్పి కాపాడుతుంది. ఆవిడ పట్టుబట్టి చేర్పించిన మాట ఇంకోటి: ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే వచ్చే దవడ పన్ను శాశ్వత దంతం. పాలపన్నే కదా అని వదిలేసేది దాన్నే. దాని గాడుల్లో సీలెంట్ (గాడులను మూసేసే పూత) వేయించాలి.

నొప్పి భాగం దాదాపు మొత్తం రూట్ కెనాల్ నిపుణుడిదే. చల్లనిది తగిలి జివ్వుమని కొద్ది సెకన్లలో పోతే పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే గుజ్జు ఇంకా కోలుకోగలదు, ఫిల్లింగ్ సరిపోవచ్చు. అర నిమిషం దాటినా సలుపుతుంటే, వేడికి పెరిగితే, పడుకోగానే పోట్లు మొదలై నిద్రలేపితే గుజ్జు కోలుకునే దశ దాటిందన్న అనుమానం బలపడుతుంది. రూట్ కెనాలో, పన్ను తీయడమో. అవేవీ చేయించుకోకపోతే నొప్పి ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. తగ్గిందని సంబరపడేది అప్పుడే, గుజ్జు చచ్చిపోయేదీ అప్పుడే. కొన్నాళ్లకు కొరికితే నొప్పి, చిగురు మీద చీముపొక్కు. ఉత్త యాంటీబయాటిక్ మింగితే ఇది నయం కాదు. చచ్చిన గుజ్జులో రక్తప్రసరణ లేదు, మందు అక్కడికి చేరదు. దవడ కింద వాపు పాకుతూ జ్వరం వచ్చినా, మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి. చిగురు మీద ఆస్పిరిన్ పెట్టుకుంటే నొప్పికి తోడు పుండు కూడా.

ఫిల్లింగ్ ఎందుకు ఊడుతుందో రాసిచ్చింది కుర్చీ పక్కన నిలబడి పనిచేసే సహాయకులు. పంటిరంగు కాంపోజిట్ ఫిల్లింగ్ అయితే 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం పదిహేను సెకన్లు, కడగడం, తగినంత ఆరబెట్టడం, బాండింగ్ (పంటికి అంటించే జిగురు), ఆపైన రెండు మిల్లీమీటర్లకు మించని పొరలు, ప్రతి పొరకూ గట్టిపడేందుకు లైటు. లైటు పట్టే సమయం ఆ సామాను మీద రాసి ఉంటుంది. ఆమ్లం కడిగాక ఒక్క చుక్క ఉమ్మి తగిలినా పట్టు పోతుంది, ఆ మెట్టు మళ్లీ చేయాల్సిందే. పంటి చుట్టూ ఉమ్మి రాకుండా రబ్బర్ డ్యామ్ అనే పలచటి రబ్బరు తెర తొడగడం ఇందుకు, హంగుకు కాదు. తడి ఆపలేనిచోట గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు ఫిల్లింగ్ నయం. లోతైన గుంటలో అంచులు శుభ్రంగా గీకి, గుజ్జు మీద మాత్రం కాస్త మెత్తటి పుచ్చు వదిలి గట్టిగా మూసేయడం మేలన్నది మా అభిప్రాయం కూడా. తిండి అందక అక్కడి బ్యాక్టీరియా నీరసిస్తాయి. అంతా తవ్వితే గుజ్జు బయటపడొచ్చు. రూట్ కెనాల్ చేసిన దవడ పంటికి క్యాప్ విషయంలో వాదన అక్కర్లేదు: గోడలు పలచబడి ఉంటాయి, కొరికినప్పుడు నిలువునా చీలితే ఇక తీసేయడమే.

ఎక్స్‌రేలు ఎంచి ఇచ్చిన టెక్నీషియన్ గారికి చివరి దండం. రెండు పళ్ల మధ్య పుచ్చు అద్దంలో చూస్తే కనిపించదు, పై, కింది పళ్లు కరిచిపట్టించి తీసే బైట్‌వింగ్ ఎక్స్‌రే తీయాలి. అందులో నల్లగా తేలేసరికే ఖనిజం చాలా పోయి ఉంటుంది, అసలు లోతు బొమ్మలో కనిపించేదానికంటే ఎక్కువే. ఆయన చెప్పిన ఈ ముక్కను పుస్తకంలోని ప్రతి ఎక్స్‌రే కిందా వేశాం.