ఫలితం చూశాక రాసే పరికల్పన

అతీంద్రియ శక్తులున్నాయా అని పరీక్షించే పారాసైకాలజీ పరిశోధనల్లో, ఫలితాలు చూశాక పరికల్పన (ఏం తేలుతుందన్న ముందస్తు ఊహ) రాసుకునే అలవాటుకు అడ్డుకట్ట పడాలి. ఓ కళాశాలలో ప్రాజెక్టు వైవాకు కూర్చున్నప్పుడు కళ్లారా చూశాను. ఐదు గుర్తులున్న 25 కార్డుల కట్టతో, కనబడని కార్డు మీద ఏ గుర్తుందో చెప్పించే పరీక్ష ఒకమ్మాయి చేసింది. గుడ్డిగా చెప్పినా సగటున ఐదు జవాబులు కార్డులతో కలుస్తాయి. ఆమెకూ అంతే వచ్చాయి. దాంతో అవే జవాబులను ఒక్కోదాన్నీ దాని తర్వాతి కార్డుతో పోల్చింది, ఏడు కలిశాయి. ఇంకేం, మొదటి నుంచీ తాను వెతికింది అదేనన్నట్టు పరికల్పన మారిపోయింది. పాత వాక్యం మీద వైట్‌నర్ మాత్రం ఇంకా తెల్లగా మెరుస్తోంది. ఆ పిల్లను ఏమనగలం? 'ఏమీ తేలలేదు' అని రాస్తే మార్కులు పోతాయన్న టెన్షన్ మేం పెట్టిందే. 2011లో అమెరికా మనస్తత్వవేత్త డారిల్ బెమ్ ప్రచురించిన ప్రయోగంలో, రెండు తెరల్లో శృంగార చిత్రం ఏ తెర వెనక వస్తుందో విద్యార్థులు 53 శాతం సార్లు ముందే చెప్పారన్నారు; గుడ్డిగా చెప్పినా 50 శాతం కలుస్తాయి. పద్ధతంతా ముందే నమోదు చేసి, పలు దేశాల్లో 37 వేలకు పైగా సార్లు మళ్లీ పరీక్షిస్తే వచ్చింది 49.89 శాతం! ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2012లోనే ఇలాంటి ప్రయోగాల వివరాలను ముందే నమోదు చేసుకునే రిజిస్ట్రీ తెరిచింది. 1967లోనే ఈ శాస్త్రానికి విభాగం పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మన దగ్గర చొరవ తీసుకోవచ్చు. పరికల్పన ఏమిటి, ఎంతమందిని పరీక్షిస్తారు, ఏ లెక్క కడతారు అన్న ఒక్క పేజీని డేటా సేకరణకు ముందే తేదీ ముద్రతో తీసుకోవాలి. వైవాలో దాన్ని పక్కన పెట్టుకునే ప్రశ్నలడగాలి, ఏమీ తేలకపోయినా మార్కులు కోయకూడదు.

- ఓ మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం