హాల్ కిటికీలు తెరిచి పెట్టండి ప్లీజ్

అందరికీ నమస్కారం, మన కమ్యూనిటీ హాల్లో సాయంత్రం ట్యూషన్ జరిగేటప్పుడు ఏసీ వేసి తలుపులు కిటికీలు అన్నీ బిగించేస్తా ఉండారు, దయచేసి అట్ల చేయొద్దు. స్ప్లిట్ ఏసీ బైట గాలిని లోపలికి తేదు, రూములో ఉండే గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది, ఒక పిల్లోడికి ఫ్లూ ఉంటే దగ్గినప్పుడే కాదు గట్టిగా చదివినా నోట్లోంచి వచ్చే సన్న తుంపర్లు అదే గాలిలో చాలాసేపు తేలతా ఉంటాయి. తట్టు, టీబీ, కోవిడ్ కూడా ఇట్లనే గాలిలో అంటుకుంటాయి.

తిరుపతి ఎండకి ఏసీ లేకుండా కష్టమే, వేసుకోండి, కానీ ఎదురెదురు కిటికీలు జానెడు తెరవండి, గాలి ఒక పక్క వచ్చి ఇంకో పక్క పోవాల. ఇంట్లో ఒకటే కిటికీ ఉంటే టేబుల్ ఫ్యాన్‌ని దాని దగ్గర బైటికి తిప్పి పెట్టండి, లోపలి గాలిని తోసేస్తుంది. ఇట్లాంటి చోట్ల మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది, మూసిన హాల్లో 30 మంది పిల్లోళ్లకి అది యాడ నుంచి వస్తాది?

దోమలు వస్తాయంటారా, నిజమే, మెష్ కొట్టిద్దాం, మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి తీద్దాం. వెనక కిటికీకి అడ్డంగా ఉండే పాత బీరువాని ఆదివారం పొద్దున జరపాల, ఇద్దరు ముగ్గురు రండి.