గడియారం సెంటర్‌లో నడిచేవారికి చోటేది?

సంపాదకులు గారికి నమస్కారం.

నల్లగొండ గడియారం సెంటర్‌లో మొన్న సాయంత్రం మా అమ్మను చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించడానికి చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చింది. ఒకవైపు ఆగని ఆటోలు, మరోవైపు అడ్డంగా నిలిపిన బైకులు. చివరికి ఆమె ఓ దుకాణం మెట్టు మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ధర్నాలకైనా, పండుగ బేరాలకైనా జనమంతా చేరే ఆ కూడలిలో ముసలివారు కూర్చోవడానికి ఒక్క రాతిబల్ల కనబడలేదు.

వాస్తుశిల్పి లె కార్బూజియే 1951లో చేపట్టిన చండీగఢ్ ప్రణాళికలో నగర కేంద్రమైన 17వ సెక్టార్‌లో పాదచారుల కోసమే విశాలమైన ఆవరణను కేటాయించారు. వాహనాలు అంచునే ఆగిపోతాయి కాబట్టి, జనం దుకాణాల వరండాల నీడన నిశ్చింతగా నడవగలరు. మన పట్టణం అలా గీత గీసి కట్టినది కాదు, పానగల్లు గుడుల చెంత తనంతట తాను పెరిగిన ఊరు. అయినా సాయంత్రం 5 నుంచి 9 గంటల వరకు ఒక పక్క వాహనాలను మళ్లించి, నాలుగు వేపచెట్లు, కొన్ని బల్లలు, ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు నలిగిన జిల్లా కేంద్రం కనుక తప్పనిసరిగా ఒక శుద్ధజల కుళాయి ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ