కొనమని మాకు చెప్పారు, తలుపు తీయమని వాళ్లకూ చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2020 మే 17 ఆదివారం నాడు, ఈ కరోనా లాక్‌డౌన్‌లో మన ఊరి వస్తువులే కొనాలంటూ మీరు వేసిన వ్యాసం చదివాను. ఆ పూటే రాయబోతే, కోపం తగ్గాక రాయమని మా ఆవిడ కాగితం లాక్కుంది. నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు. రాస్తున్నాను.

ఆ వ్యాసంలో 'సామాజిక వ్యాపార సంస్థలు' అన్న మాట పదిసార్లు వచ్చింది. అదేదో కొత్తగా దిగిన కంపెనీ అనుకున్నాను. రెండు పేరాలు చదివాక తెలిసింది, మా చేనేత సొసైటీ గురించేనని. లాభం ఎవరో ఒక్కరి జేబులోకి పోకుండా పని చేసినవాళ్లకే చెందాలని సహకార సంఘాలు పెట్టుకుని మా తాతల నాటి నుంచి ఈ సీమలో నడుపుకుంటూనే ఉన్నాం. బండారులంక నేత, పులగుర్త నేత అంటే తెలియని ఇల్లు కోనసీమలో ఉందా? సంక్రాంతికి రిబేటు ఇచ్చారంటే సొసైటీ కొట్టు ముందు జనం నిలబడేవారు. పేరు మార్చి మళ్లీ మాకే పరిచయం చేసినందుకు ధన్యవాదాలు.

నేను తపాలా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగిపోయినవాణ్ణి. మా ఇంట్లో తువ్వాళ్లు, దుప్పట్లు, నా పంచెలు, లుంగీలు అన్నీ సొసైటీవే. గొప్ప కోసం చెప్పడం లేదు. మీ వ్యాసం చెప్పిన పని నేను చేస్తూనే ఉన్నానని, ఆ పని చేయనివ్వకుండా ఆపింది ఎవరో అడగాలని చెబుతున్నాను. మార్చి 22 జనతా కర్ఫ్యూ నాడు వేసిన తాళం సొసైటీ కొట్టుకు ఇప్పటికీ అలాగే ఉంది. రెండు తువ్వాళ్లు కావాలని కొట్టు చూసుకునే ఆయనకు ఫోను చేశాను. "పోస్టుమాస్టరు గారూ, తాళం నా దగ్గరే ఉందండి, తీసే అధికారం మాత్రం లేదండి" అన్నాడు. బట్టల కొట్లు తెరవకూడదట. కూరగాయల కొట్టు తెరవవచ్చు, మందుల కొట్టు తెరవవచ్చు, సరే, అవి ఉండాల్సిందే. మే 4 నుంచి సారా కొట్లూ తెరిచారు. మొదటిరోజు ధర పాతిక శాతం పెంచి, మర్నాడు మరో యాభై శాతం పెంచినా మండుటెండలో వరస తగ్గలేదు. ఆ వరసలు చూసుకోవడానికి బడి పంతుళ్లను కాపలా పెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. తాగేవాడి కోసం ఇంత ఏర్పాటు చేయగలిగినవారికి తువ్వాలు కొనేవాడి కోసం గుమ్మం ముందు నాలుగు సున్నం గుండ్రాలు గీయించడం చేతకాలేదా?

తమాషా ఏమిటంటే, మాది ఆరెంజ్ జోన్, అంటే కరోనా కేసులు ఓ మోస్తరుగా ఉన్న ప్రాంతం కాబట్టి మే 4 నుంచే ఫోనులో ఆర్డరు ఇచ్చుకుంటే ఏ వస్తువైనా ఇంటికి రావచ్చు. హైదరాబాదు నుంచి వచ్చి లాక్‌డౌన్‌లో ఇక్కడే చిక్కుకున్న మా మనవడు కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటి తెప్పించాడు. పెట్టె విప్పి చూద్దును కదా, కొబ్బరి పీచు పట్టా! ఎక్కడో తయారై, ఏ గోదాములోనో పడుకుని, రెండు మూడు లారీలు ఎక్కి దిగి కోనసీమకు వచ్చింది. మా ఇంటి వెనుక దొడ్లో కొబ్బరి డొక్కలు గుట్టగా పడి ఉన్నాయి. గుళ్లు మూసేశారు, హోటళ్లు మూసేశారు, కొబ్బరికాయ అడిగే దిక్కు లేక దింపు తీసిన కాయలు రాశుల్లోనే ఉండిపోయాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు కళ తప్పింది. పీచు తీసి తాళ్లు పేనే ఆడవాళ్లకు పని లేదు. బయటి నుంచి వచ్చిన కొబ్బరి పట్టా మీద మాత్రం మేం కాళ్లు తుడుచుకుంటున్నాం. మనవణ్ణి తిడదామనుకున్నాను. "ఇక్కడ కొట్టు తెరిచి లేదు కదా తాతయ్యా" అన్నాడు. ఏమని తిట్టను?

మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మ గురించి కూడా ఒక మాట. ఉప్పాడ జాందానీ చీర వేశారు. చాలా బాగుంది. 2009లోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనకందరికీ గర్వమే. కానీ నిత్యం కొనే వస్తువుల గురించి రాస్తూ వేల రూపాయల పట్టుచీర బొమ్మ వేస్తారా? పెళ్లిళ్లే ఆగిపోయిన వేసవిలో ఆ చీర ఎవరు కొంటారు? నరసాపురం లేసు గురించీ ఒక వాక్యం రాశారు. ఆ అల్లకం చాలావరకు విదేశాలకు పోయే సరుకు. ఓడలు ఆగితే ఆ ఆడవాళ్ల క్రోషా సూది ఆగుతుంది. నేను ఇంట్లో బల్లమీద గుడ్డ ఒకటి కొన్నంత మాత్రాన వాళ్ల ఇల్లు గడవదు. పాఠకుడి సంచి ఎంత బరువు మోయగలదో అంతే దాని మీద వేయాలి. తువ్వాలు, లుంగీ, దుప్పటి, అప్పడాలు, పచ్చడి, అగరువత్తులు, డ్వాక్రా వాళ్లు చేసే ఫినాయిలు. ఇవి మేం కొనగలం. మిగతాది కొనాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

వాళ్ల సంగతికే వస్తున్నాను. మా పట్టణంలో మొన్న పారిశుద్ధ్య కార్మికులకూ నర్సమ్మలకూ సన్మానం జరిగింది. వాళ్లకు ఎంత చేసినా తక్కువే. అయితే కప్పినవి ఏమిటి? తళతళలాడే పాలిస్టరు శాలువాలు. మే నెల ఎండలో! అక్కడికి కొద్ది దూరంలోనే సొసైటీ గోదాములో నూలు కండువాలు బీరువాల నిండా మూలుగుతున్నాయి. తలా ఒక కండువా కప్పి ఉంటే వాళ్లు చెమటైనా తుడుచుకునేవారు. దాతలు పంచే సరుకుల సంచులూ అంతే. సంచి మీద నాయకుడి ముఖం అచ్చు వేయించడానికి ఉన్న తీరిక, ఆ సంచిని పక్క వీధిలో కుట్టుమిషను ముందు ఖాళీగా కూర్చున్న ఆడపిల్ల చేత కుట్టించడానికి లేదు. ఫోటో మీ పత్రికలోనే చూశాను. ముఖం స్పష్టంగా పడింది.

కొంటే ఏమవుతుందో తెలియదని అధికారులు అనడానికి లేదు. మనిషికి మూడు చొప్పున పదహారు కోట్ల మాస్కులు పంచుతామని ఏప్రిల్‌లో ఈ రాష్ట్ర ప్రభుత్వమే అంది. కుట్టే పని స్వయం సహాయక సంఘాలకు ఇచ్చింది. మా వీధిలో మూలపడిన మిషన్లకు నూనె వేసి తిప్పారు. మెచ్చుకోవలసిన పనే, మెచ్చుకుంటున్నాను. అదే చేతితో ఆసుపత్రి దుప్పట్లు, హాస్టళ్ల పిల్లల తువ్వాళ్లు ఇప్పుడే కొని పెట్టుకోవచ్చు కదా! బడులు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తారు, పిల్లలు అప్పుడూ స్నానం చేస్తారు.

కొనమంటే అప్పు ఇస్తామంటారు. స్వయం సహాయక సంఘాలకు హామీ లేని అప్పు పది లక్షల నుంచి ఇరవై లక్షలకు పెంచామని మార్చిలో కేంద్రం చెప్పింది. సున్నా వడ్డీ అని ఏప్రిల్‌లో రాష్ట్రం చెప్పింది. ఈ నెల 12న ప్రధాని ఇరవై లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటిస్తూ స్థానిక వస్తువుల కోసం గొంతెత్తమన్నారు. సొసైటీ ఎలా నడుస్తుందో వీరిలో ఎవరికైనా తెలుసా అని నా అనుమానం. సొసైటీ నూలు ఇస్తుంది, నేతగాడు గుడ్డ నేసి తెచ్చి ఇచ్చి మజూరీ తీసుకుంటాడు. గుడ్డ అమ్ముడైతేనే మళ్లీ నూలు వస్తుంది. గోదాము నిండితే నూలు ఆగుతుంది, గుంట మగ్గం ఆగుతుంది, కండెలు చుట్టే ఇల్లాలి చేయి, ఆసు పోసే ముసలమ్మ చేయి కూడా ఆగుతాయి. ఉన్న గుడ్డ కదలనప్పుడు ఇంకో ఇరవై లక్షలు అప్పు తెచ్చి ఇంకాస్త గుడ్డ నేసి ఎక్కడ పెట్టుకోవాలి? గొంతెత్తమంటే ఎత్తుతున్నాం కాబట్టే ఈ ఉత్తరం.

అన్నం పొట్లాలు పంచుతున్నాం కదా అని ఒక నాయకుడు అన్నాడు. డొక్కా సీతమ్మ గారు వేళగాని వేళ వచ్చినవాడికీ విస్తరి వేసిన గడ్డ ఇది, అన్నం పెట్టడం ఈ సీమకు ఎవరూ నేర్పనక్కరలేదు. మా వీధి చివర ఉండే నేతగాడు పొట్లం అందుకుని, అది ఇంటికి పట్టుకుపోవడానికి సిగ్గుపడి, తువ్వాలు కింద దాచుకున్నాడు. ఆ తువ్వాలు ఆయన నేసినదే. ఆ పొట్లానికి పెట్టిన డబ్బుతో ఆయన దగ్గర ఇంకో తువ్వాలు కొని ఉండవచ్చు.

చేయాలనుకుంటే దారులు లేవా? హైస్కూలు మైదానంలోకి మార్చిన కూరగాయల సంతలోనే ఒక మూల సొసైటీకి పట్టా పరుచుకోనివ్వండి. పింఛను ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇస్తున్న వలంటీరు, ఎవరికి ఏం కావాలో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లలేడా? రైతు బండి మీద వంకాయల పక్కన పది లుంగీలు పెట్టుకోనిస్తే వంకాయలు అలుగుతాయా? ఈ మాటే చెబుదామని ఒక కార్యాలయానికి మూడుసార్లు ఫోను చేశాను. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారు. రెండోసారి వీడియో మీటింగులో ఉన్నారు. మూడోసారి, "మీరు ఏ శాఖ వారు?" అని అడిగారు. కొనుక్కునేవాణ్ణి అన్నాను. పెట్టేశారు. మా రోజుల్లో తపాలా ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చిన మనిషిని అలా పంపితే మర్నాటికి సంజాయిషీ అడిగేవారు. ఇప్పుడు అడిగేవాడే లేడు.

మీరూ ఏమీ అనుకోకండి. ఈ మధ్య మీ పత్రిక పేజీలు తగ్గి పలచబడింది, ప్రకటనలు లేక మీరు పడుతున్న ఇబ్బంది తెలుసు. అయినా స్థానికంగా కొనమన్న ఆ వ్యాసం కిందనే, అన్నీ ఇంటికే తెచ్చి ఇస్తామనే పెద్ద కంపెనీ ప్రకటన అంత బారున వేయకుండా ఇంకో పేజీలో వేయాల్సింది. మా ఆవిడ ముందు అదే చదివింది.

నా పింఛను ఒకటో తేదీకే పడింది. నాకు తువ్వాళ్లు నాలుగు, మా ఆవిడకు నేత చీరలు రెండు, మనవడికి లుంగీ ఒకటి కావాలి. వాడు కట్టుకోనంటున్నాడు, అది నేను చూసుకుంటాను. తాళం తీయించగల అధికారి ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, ఏ రోజు ఏ గంటకు తీస్తారో మీ పత్రికలోనే ఒక ముక్క వేయించమనండి. మూతికి గుడ్డ కట్టుకుని, గుండ్రంలోనే నిలబడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్టుమాస్టరు,
కోనసీమ